సాయిబు గిన్నె

మా ఇంట్లో ఏం వండుతారో మాకంటే ముందు ఊరికి తెలుసు. బళ్ళో నేను టిఫిన్ మూత తీయకముందే పక్కవాడు జరిగి కూర్చునేవాడు. తీరా మూత తీస్తే అందులో చాలాసార్లు చింతకాయ పచ్చడో, పప్పో ఉండేది. కర్నూల్లో మా అబ్బాది సైకిల్ షాపు. ఆ సంపాదనకు పెద్దకూర ఆదివారం ఒక్కరోజే, ఆరుగురికి అరకిలో. గోవధ నిషేధ చట్టం మా రాష్ట్రంలో 1977 నుంచే ఉంది. మా గల్లీలో కోసేది ఎనుముల్ని. అయినా నా పేరు 'పెద్దకూరోడు'.

హాస్టల్లో చేరాక నాకూ తెలివొచ్చింది. అమ్మీ కట్టిచ్చిన ఖీమాని 'మటన్' అని చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కముందే చెప్పేవాణ్ణి. సిగ్గుపడాల్సింది అబద్ధం చెప్పిన నేనా, చెప్పించినవాళ్ళా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇదంతా ఒక సూపు గిన్నె గుర్తు చేసింది.

2015 ఆగస్టులో పై చదువుకని అమెరికాలోని హ్యూస్టన్ వెళ్ళాను. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక దేశం విడిచిన వాళ్ళు పెద్దసంఖ్యలో చేరిన ఊళ్ళలో అదొకటి. మా క్యాంపస్ పక్కనే వాళ్ళ హోటల్ ఒకటుండేది. పది బల్లలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎర్రటి మిరపకాయ సాసు సీసా. విద్యార్థుల జేబుకి అందే ధర, కడుపు నిండే గిన్నె. ఆ గిన్నెలో ఉండేదాన్ని 'ఫో' అంటారు. పలికేటప్పుడు 'ఫ' అంటూ, ప్రశ్న అడుగుతున్నట్టు చివర గొంతు లేపాలి. ఆ స్వరానికి వాళ్ళ భాషలో ఉన్న పేరుకి అర్థం కూడా 'అడగడం' అనేనట.

ఎద్దు ఎముకల్ని గంటల తరబడి సన్నసెగ మీద మరిగిస్తారు. అల్లం, ఉల్లిగడ్డ నిప్పు మీద కాల్చి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం పడతాయి. ఆ రసాన్ని బియ్యప్పిండి నూడుల్స్ మీద, పలచగా కోసిన పచ్చి మాంసం మీద పోస్తే ఆ వేడికే మాంసం ఉడుకుతుంది. పక్కన మొలకలు, తులసి జాతి ఆకు, నిమ్మచెక్క. తొలిసారి ఆ తలుపు తోయగానే నాకు తగిలిన వాసన వియత్నాంది కాదు. రంజాన్ రాత్రి మా గల్లీలో నిహారీ డేగ్ మూత తీసిన వాసన. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

దాని పుట్టుక కూడా మా వంటలకు దగ్గర చుట్టమే. వియత్నాం ఉత్తరభాగంలో ఎద్దు పొలం దున్నడానికే గానీ పెద్దగా తినడానికి కాదు. పాలించడానికొచ్చిన ఫ్రెంచివాళ్ళకు మాంసం కావాల్సొచ్చింది. కండ వాళ్ళు తిన్నారు, ఎముకలు మిగిలాయి. 20వ శతాబ్దం మొదట్లో ఆ ఎముకల్ని మరిగించి వీధుల్లో అమ్మినవాళ్ళ నుంచే ఫో వచ్చిందని చెప్తారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షలమంది ఉత్తరం నుంచి దక్షిణానికి కదిలారు. వాళ్ళతో ఫో కూడా కదిలింది. మొలకలు, ఆకులు అక్కడే ఎక్కువగా తోడయ్యాయి. ఒకరు వదిలేసిన ఎముకల్తో బతకడం, ఆ ఎముకల్నే రుచిగా మార్చుకోవడం మాకు తెలియని విద్యేం కాదు. మా పాయా, మా బోటీ ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నారు?

ఆ రోజు మేం నలుగురం తెలుగువాళ్ళం. గుంటూరు, వరంగల్, విజయవాడ, కర్నూలు. ముగ్గురూ బీఫ్ ఫో చెప్పారు. విజయవాడ మిత్రుడి ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. నేను టోఫూ ఫో చెప్పాను. టోఫూ అంటే సోయాపాలు విరగ్గొట్టి చేసే పనీరులాంటిది.

"ఏరా సాయిబూ! మేం బీఫ్ తింటుంటే నువ్వు పప్పన్నం బ్యాచ్‌లో కలిశావా?"

జిబహ్ చేసిన మాంసమే తింటామని, ఇక్కడిది హలాల్ కాదని చెప్పాను.

"ఇంత చదివి ఇదేం చాదస్తంరా!" అన్నాడొకడు. "ఇది అమెరికా ఆవులే, మన ఆవు కాదు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారమే, సెప్టెంబర్ 28 రాత్రి, ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి దగ్గర పల్లెలో, ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. మనిషి పోయాక మాంసాన్ని పరీక్షకు పంపారు. ఆ వార్త మా నలుగురి ఫోన్లలోనూ ఉంది. బల్ల మీద దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

హోటల్ నడిపే పెద్దావిడ మా బల్ల దగ్గరికొచ్చింది. "మీరు ముస్లింలా?" అని నన్నడిగింది. నా ఒళ్ళు బిగుసుకుంది. ఆ ప్రశ్న తర్వాత ఏమొస్తుందో నాకు అలవాటే. కానీ ఆవిడ అన్నది వేరు. "టోఫూ గిన్నెలో కూడా రసం ఎముకలదే. మీరు హలాల్ అనడం విన్నాను. చెప్పకుండా పెట్టడం నాకిష్టం లేదు."

ఆవిడది మెకాంగ్ డెల్టాలోని చౌదోక్ దగ్గరి ఊరట. నదికి అవతల చామ్ ముస్లింల పల్లెలు. ఒకప్పుడు మీసోన్‌లో శివుడి గుళ్ళు కట్టిన చామ్ జాతిలో ఒక పాయ వాళ్ళు. వాళ్ళెవరైనా ఇంటికొస్తే వాళ్ళమ్మ వేరే గిన్నె పొయ్యి మీద పెట్టేదట. ఆవిడా అదే చేసింది. కాల్చిన ఉల్లిగడ్డ, అల్లం, అనాసపువ్వు వేసి వేరే రసం కాచింది. ఇరవై నిమిషాలు పట్టింది. డబ్బు అంతే తీసుకుంది. దయ చూపించినట్టు మొహం పెట్టలేదు. అందుకే ఆ గిన్నె నాకు గొంతు దిగింది.

నేనేం తింటానో నాకు చెప్పినవాళ్ళే ఎప్పుడూ. నన్నడిగిన మొదటి మనిషి ఆవిడ.

నా మిత్రులు బీఫ్ తిన్నందుకు నాకే బాధా లేదు. ఎవరికిష్టమైంది వాళ్ళు తినాలి. నా మాటల్లా ఒక్కటే. వాళ్ళకది సరదా, మాకు నేరం. వాళ్ళు ఊరికి పోతే మళ్ళీ పప్పన్నం మనుషులే, వాళ్ళ ఫ్రిజ్ ఎవడూ తెరవడు. నేను టోఫూ తిన్నా పెద్దకూరోణ్ణే.

2023లో అమ్మీ నా దగ్గరికొచ్చింది. అప్పటికి హలాల్ ఫో దొరికే చోటొకటి చూసిపెట్టాను. విజయవాడ మిత్రుడూ వచ్చాడు. ఇన్నేళ్ళలో అతను చాలా మారాడు, నన్ను 'సాయిబూ' అనడం మానేశాడు. అమ్మీ ఒక చెంచా రసం తాగింది.

"యే తో అప్నా పాయే కా షోర్వాచ్ హై నా రే!" అంది. ఇది మన పాయా షోర్వానే కదరా అని. ఉప్పు తక్కువైందని కూడా అంది.

మిత్రుడు నవ్వి, ఎంతో అభిమానంగా, "మరి మీ ఇంట్లో ఏ మాంసంతో చేస్తారమ్మా?" అని అడిగాడు.

అతని గిన్నెలో బీఫ్ ఉంది. అమ్మీ గిన్నెలోనూ బీఫే ఉంది. అమ్మీ ఒకసారి నా వైపు చూసింది. చేతిలో చెంచా కింద పెట్టింది.

"మటన్ నాయనా" అంది. "మటనే చేస్తాం."