పేదరికానికి చిరునామా

2020 ఏప్రిల్. శ్రీకాకుళం జిల్లా నుంచి ఢిల్లీకి వలస వచ్చి మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడకు లాక్‌డౌన్‌తో మూడిళ్లు జీతం ఆపేశాయి. ఊరి రేషన్ కార్డు తెచ్చి చూపించింది. ఇక్కడ చెల్లదన్నాను. కార్డు లేనివాళ్లకు ఢిల్లీ ప్రభుత్వం ఇస్తున్న తాత్కాలిక కూపన్ కోసం నా ఫోన్‌లోనే దరఖాస్తు నింపాను.

‘‘ఊళ్లో పేదదాన్నే కదా బాబూ, రైలెక్కితే కాకుండా పోయానా?’’ అంది. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసి, సంక్షేమ రాజ్యం మీద పేజీలు నింపిన నా దగ్గర సమాధానం లేదు.

సమాధానం సుప్రీం కోర్టు ఇచ్చింది. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ను జూలై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2021 జూన్ 29న ఆదేశించింది. ఆ జూలైలోనే ఢిల్లీలో అది మొదలైంది. ఇప్పుడామె ఇక్కడే వేలిముద్ర వేసి నెలకు మనిషికి 5 కిలోల తిండిగింజలు తెచ్చుకుంటోంది.

ఆమె పక్కింటివాళ్లకు మాత్రం ఏ ఊరి కార్డూ లేదు. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఢిల్లీ కోటా 72.77 లక్షల మంది. దానికి ఆధారం 2011 జనాభా లెక్కలు. 2021లో జరగాల్సిన లెక్కింపు వాయిదా పడింది. కోటా నిండిపోవడంతో, అర్హులు కూడా ఎవరి పేరో తీసేసేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ కుటుంబం దరఖాస్తు నంబరు నా ఫోన్‌లోనే ఉంది. కనిపించినప్పుడల్లా ఆవిడ అడుగుతుంది: ‘‘వాళ్ల పేర్లు ఎక్కాయా బాబూ?’’