మనవాడే, కానీ ఎవరి తరఫు?

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఇన్సూరెన్స్ మనిషిని వెతుక్కునే పని ఎన్నడూ పడలేదు. జీతాలు పడగానే అతనే గుమ్మంలో ఉండేవాడు. శ్రీకాకుళంలో మన పక్కూరివాడో, రైల్వే వర్క్‌షాపులో మన షాపువాడో అయ్యుంటాడు. ఏజెన్సీ భార్య పేరున, తిరుగుడు మాత్రం ఆయనది. భార్య ఏజెన్సీకి ఉద్యోగి ప్రచారం చేయకూడదని రైల్వే ప్రవర్తనా నియమాల్లో రాసే ఉంది. కానీ టీ తాగుతూ మాట్లాడుకోవడం ప్రచారమెలా అవుతుందని ఆయన వాదన! ప్రీమియం జీతంలోనే కోతపడేది కాబట్టి కట్టామన్న ధ్యాసే ఉండేది కాదు. 1956లో ఎల్‌ఐసీ వచ్చాక చాలాకాలం జీవిత బీమాకి ఇంకో కంపెనీయే లేదు. కనుక ఏది మంచిదన్న ప్రశ్నే పుట్టలేదు.

ఇక ఆరోగ్య బీమా ఎవరికి కావాలి, రైల్వే ఆసుపత్రి ఉండగా? రిటైరైనా వైద్యం ఉంటుంది. చిక్కల్లా పిల్లలతోనే. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడంటే తండ్రి కార్డు మీద అతనికి వైద్యం ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చే బీమా ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. సరిగ్గా అప్పుడే తండ్రికి రిటైర్మెంటు సెటిల్‌మెంట్ డబ్బు చేతికొస్తుంది. ఆ వాసన మా ఊళ్లో ఇందా పేట నుంచి మలంచ పేట దాకా ఎలా పాకుతుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ వాసనకి వచ్చే బీమా మనుషులంతా ఒకటి కాదు. ఏజెంటు కంపెనీ మనిషి. తనకి ఏజెన్సీ ఇచ్చిన కంపెనీ పాలసీలే అతను అమ్మగలడు. బ్రోకరు చట్టం ప్రకారం మన మనిషి. పలు కంపెనీలవి చూపించాలి, క్లెయిమ్ వేళ మన పక్కన నిలబడాలి. బ్రోకరంటే ఒంటరి మనిషి కూడా కాడు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన లైసెన్సు ఉన్న సంస్థ అయ్యుండాలి. సంచీ తగిలించుకుని మనింటికి వచ్చేది సాధారణంగా ఆ సంస్థ పెట్టుకున్న పీఓఎస్‌పీ, అంటే పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్. పదో తరగతి, 15 గంటల శిక్షణ, దాని చివర ఒక పరీక్ష చాలు ఆ పనికి. అది తప్పేమీ కాదుగానీ అతని వెనక ఉన్న సంస్థ పేరు, లైసెన్సు నంబరు అడిగి ఐఆర్‌డీఏఐ జాబితాలో చూసుకోవాలి.

మన తరఫున మాట్లాడే బ్రోకరుకి డబ్బిచ్చేది మాత్రం కంపెనీయే. ఆడపెళ్లివారి మనిషినంటూ మగపెళ్లివారి దగ్గర సంభావన పుచ్చుకునే పెళ్లిళ్ల పేరయ్యలాంటి వాడన్నమాట. అందుకే ఈ పాలసీలో మీకెంత ముడుతుందని మొహమాటపడకుండా అడగండి. మొదటి ప్రీమియంలో కొంత వెనక్కిస్తానంటే సంతోషపడకండి, 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది. చట్టం తప్పి అమ్మేవాడు రేపు క్లెయిమ్‌కి వస్తాడన్న నమ్మకం నాకు లేదు.

మన ఊరివాడన్న నమ్మకం చిన్నదేం కాదు. ఆ నమ్మకంతోనే మన పెద్దలు ఇంత దూరం వచ్చి స్థిరపడ్డారు. కానీ ఊరు ఒకటైనంత మాత్రాన కాగితం మీద అతను మన పక్షం అయిపోడు.

ఒక్క మాట మాత్రం పాటించండి. ప్రపోజల్ ఫారం నేను నింపేస్తాను, మీరు సంతకం పెట్టండి అంటే ఒప్పుకోకండి. బీపీ ఉంటే ఉందని, షుగరు ఉంటే ఉందని మీ చేత్తోనే రాయండి.