ఉప్పు బండి రాని ఏడాది

రెండు నెలలుగా మా ఇంట్లో టమోటా ధర కంటే విమానాల మాటలే ఎక్కువ. మావాడు చిత్తూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్ ముందు కూర్చుంటాడు. వాళ్ళ నాన్న లెక్కలో అది వట్టి ఆట. నేనూ పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఈసారి వాడు, వాడి స్నేహితుడు కలిసి ఒక పాత ప్రయాణాన్ని ఉన్నది ఉన్నట్టు తయారు చేయాలని మొదలుపెట్టారు. ఆ రోజు ఏ విమానం, ఎంత బరువుతో, ఏ దారిలో, ఎంత వెన్నెల్లో పోయిందో, అంతా అట్లాగే ఉండాలంట. దానికోసం చదవాల్సింది బోలెడు. "మా, నువ్వు బీఏ హిస్టరీ కదా, కొంచెం చదివిపెట్టు" అన్నాడు. మధ్యాహ్నం గిన్నెలు కడిగినాక రెండు గంటలు నాకు కొత్త పని దొరికింది.

యుద్ధంలో ఒక ఊరిని నేల మీద నుంచి కట్టడి చేస్తే మిగిలేది ఆకాశం ఒక్కటే. 1948లో ఇట్లాంటి ఊళ్ళు ఒకటి కాదు. జర్మనీలో బెర్లిన్‌కు ఆ జూన్ 24న రోడ్లూ రైళ్ళూ ఆపేస్తే, మరుసటి సంవత్సరం మే 12 దాకా పిండి, బొగ్గు, పాలపొడి అన్నీ విమానాల్లోనే పోయాయి. ఆ చేరవేత పూర్తిగా ముగిసేసరికి మొత్తం రెండు లక్షల డెబ్భై వేలకు పైగా ప్రయాణాలు. మన కాశ్మీరంలో పూంఛ్ ఊరు ఏడాది పాటు శత్రువుల మధ్య చిక్కుకుంది. అక్కడ తలదాచుకున్న శరణార్థులు నేల చదును చేసి ఇస్తే, దాని మీద మెహర్ సింగ్ డకోటా విమానం దింపాడు. ఆ తర్వాత తిండీ మందుగుండూ వరసగా చేరాయి. ఈ రెండింటి గురించీ పుస్తకాలు చాలా ఉన్నాయి. మావాడు పట్టుకున్నది మూడోది, మన తెలుగు నేల మీదిది. హైదరాబాదు.

స్కూల్లో మనం చదివింది నాలుగు లైన్లే. 1947 నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబరు 13న సైన్యం లోపలికి పోయింది, 17న నిజాము కాల్పులు ఆపమన్నాడు. మధ్యలో ఉన్న ఆ వేసవి, ఆ వానాకాలం ఎట్లా గడిచాయో ఎవరూ చెప్పలేదు. సంస్థానానికి సముద్రం లేదు. చుట్టూ భారతదేశమే. సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయాయి. మన వైపువాళ్ళు అది ఆయుధాల మీద కట్టడి మాత్రమే అన్నారు. నిజాము వైపువాళ్ళు దిగ్బంధం అన్నారు. పేరు ఏదైనా పెట్రోలు, మందులు, ఉప్పు లోపలికి రావడం కష్టమైపోయింది.

అప్పుడు వచ్చినాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్. సినిమా మనిషి లాంటివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు. పైన చలికి పైలట్లు వణికిపోతున్నారని వాళ్ళకోసం సిడ్‌కాట్ అనే నిలువు కోటు తయారు చేశాడు. రెండో యుద్ధానికి ముందు, మామూలు వ్యాపారిలా తిరుగుతూ విమానం అడుగున దాచిన కెమెరాలతో జర్మనీ ఫోటోలు తీశాడు. 1948లో లంకాస్ట్రియన్ విమానాలు కొని, కరాచీ నుంచి రాత్రిపూట బీదర్‌కూ వరంగల్‌కూ సరుకు చేరవేశాడు. లంకాస్టర్ అనే బాంబర్‌ను ప్రయాణాలకు మార్చి చేసిందే ఈ లంకాస్ట్రియన్. నాలుగు మెర్లిన్ ఇంజన్లు. అదే రకం విమానాలు ఆ వేసవిలోనే బెర్లిన్‌కు నూనె మోశాయని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఒక చోట పొయ్యి వెలిగించడానికి, ఇంకో చోట తుపాకులు దించడానికి!

ఇక పని మొదలైంది. చూస్తే అది నాకు తెలిసిన పనే. పదిమందితో తిరుమలకు నడిచి పోయేటప్పుడు పులిహోర ఎంత, నీళ్ళు ఎంత, మోసేది ఎవరు అని లెక్క వేసుకుంటాం కదా? విమానానికీ అంతే. నూనె ఎక్కువ పోస్తే సరుకు తగ్గించాలి, సరుకు పెంచితే నూనె చాలదు. కరాచీ నుంచి బీదర్ నేరుగా సుమారు 1,300 కిలోమీటర్లు, వరంగల్ 1,500. గంటకు 370 కిలోమీటర్ల లెక్కన వరంగల్‌కు నాలుగు గంటల పైమాటే. తెల్లారేలోపు మళ్ళీ వెనక్కి పోవాలి. ఎందుకంటే మన వాయుసేన టెంపెస్ట్ విమానాల్లో చీకట్లో వెతికే రాడార్ లేదు. చీకటే కాటన్‌కు కవచం.

వెన్నెల లెక్క నాకు వదిలేశాడు. పంచాంగం చూడడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటే కదా. అది సర్వధారి నామ సంవత్సరం. సెప్టెంబరు మొదటి వారం చివర్లో వినాయక చవితి వచ్చింది. అంటే సైన్యం కదిలిన ఆ ఐదు రోజులూ భాద్రపద శుద్ధ ఏకాదశి నుంచి పున్నమి దాకా. మా కాణిపాకంలో చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఇప్పటి లెక్కన ఆ యుద్ధం ఉత్సవాల నడుమే పడింది.

నేల తయారు చేయడం ఇంకా కష్టం. సిమ్యులేటర్లో ఇప్పటి నేల కనిపిస్తుంది. బీదర్‌లో ఈ రోజు మన వాయుసేన పైలట్లకు శిక్షణ ఇస్తున్నారు. వరంగల్ దగ్గర నిజాము కాలంలో కట్టిన మామునూరు రన్‌వేకు పాత కాలం రూపు ఇవ్వాలి. ఇప్పటి కరెంటు దీపాలన్నీ ఆర్పేయాలి. ఊళ్ళు ఉండాలి గానీ వెలుగు ఉండకూడదు. వారం రోజులు కూర్చుని తెలంగాణలో ఒక్కో దీపం ఆర్పాడు మావాడు.

మేము ఒక నియమం పెట్టుకున్నాం. మా ఊళ్ళో సామి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎవరైనా జంకుతారు. ఎక్కడెక్కడి తగాదాలో మా కోనేటి దాకా వచ్చి తీరతాయి. అట్లా, ప్రమాణం చేయగలిగినంత నిజమైతేనే అందులో పెట్టాలి అనుకున్నాం. ఆ నియమం వల్లే చిక్కు వచ్చింది. నిజాము ప్రధాని లాయక్ అలీ ఒక పుస్తకం రాశాడు. హైదరాబాదులో భారత ప్రతినిధిగా ఉన్న మున్షీ ఒకటి రాశాడు. కాటన్ కథ ఇంకొకటి. ఒకే విమానం ఒక చోట ఆదుకునే చెయ్యి, ఒక చోట దొంగ, ఒక చోట వీరుడు. పెట్టెల్లో మందులు ఉన్నాయని ఒకరు, తుపాకులని ఒకరు. ఆయుధాలు వచ్చాయనేది మాత్రం కాదనలేనిది.

మావాడు వేసుకున్న ఆట ఇట్లా ఉండింది. ఎవరికీ దొరక్కుండా సరుకు దించితే వంద పాయింట్లు, టెంపెస్ట్ కంట పడితే సగం పోతాయి.

"ఆ పెట్టెలు ఎవురి చేతికి పోతాయిరా?" అని అడిగాను.

"అది మన మిషన్లో లేదు మా. దించడం వరకే."

ఇది విని మా పెద్దత్త మంచం మీద నుంచి లేచి కూర్చుంది. మా మామగారి అన్న భార్య ఆమె. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. పుట్టింది మధిర పక్క పల్లెలో, అంటే నిజాము రాజ్యంలో. ఆమెకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు రజాకార్ల భయంతో ఇల్లూ గొడ్లూ వదిలి సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు వచ్చేశారు. వాళ్ళ నాన్న తర్వాత చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా కుదురుకున్నాడు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ రాత్రి గురించి ఎవరూ ఆమెను కూర్చోబెట్టి అడగలేదు.

"జొన్న చేలు మనిషెత్తు ఉన్నాయిరా. వాటి నడుమ పడుకోనుండాము. పైన ఏందో మోత వచ్చింది. మా అమ్మ నా నోరు మూసేసింది. ఊపిరాడలే."

మావాడు వెంటనే ఫోనులో మ్యాపు తీశాడు. "ఏ పక్క నుంచి వచ్చింది అవ్వా? కాటన్ దారి మీ ఊరి మీదుగా పోదే. అది మన విమానమేమో!"

"ఎవురిదైతే ఏమిరా? కింద పడుకున్నోళ్ళకు అన్నీ ఒకే మోత."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే అందుకుంది. "ఆ ఏడు ఉప్పు బండి రాలే. సరిహద్దు దాటి చుట్టాలింటికి పోతే మజ్జిగన్నం పెట్టినారు. ఉప్పు ఎక్కువేసినారు పాపం. మా అమ్మ ఏడుస్తా, అదే తినింది."

మావాడి స్నేహితుడిది బీదర్. రన్‌వే గీసింది ఆ అబ్బాయే. ముస్లింల పిల్లోడు. మా వాళ్ళ కథ విన్నాక ఆ అబ్బాయి చాలాసేపు ఊరుకుని, వాళ్ళ నానమ్మ మాట చెప్పాడంట. వాళ్ళింట్లో భయం సెప్టెంబరు తర్వాత మొదలైంది. సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు. ఆ వెనకే ఏ పాపం తెలియని ముస్లిం కుటుంబాల మీద పగ విరుచుకుపడింది. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. అంతకు ముందు ఆగస్టులో రజాకార్ల చేతిలో భైరాన్‌పల్లి ఊరు రక్తమైంది. రెండూ జరిగినవే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే మా నియమం నిలవదు.

ఇప్పుడు చెప్పండి, ఆ వంద పాయింట్లు ఏ నానమ్మ ముందు లెక్కపెట్టాలి?

ఆ మాట నేను అనలేదు. వాళ్ళిద్దరే ఫోనులో గంటసేపు వాదించుకుని పాయింట్లు తీసేశారు. వాళ్ళ నాన్న కూడా ఆ రోజు "ఆటలు చాలించరా" అనలేదు. పెద్దత్త మాత్రం పడుకోబోతూ పిలిచింది.

"ఆ పిల్లోడి నానమ్మను అడగరా, వాళ్ళకు ఆ ఏడు ఉప్పు దొరికిందా అని."

రెండు రోజులకు జవాబు వచ్చింది. వాళ్ళూ చిటికెడు చిటికెడుగా దాచుకుని వాడారంట. పెద్దత్త తల ఊపి, "ఊఁ" అని, పక్కకు తిరిగి పడుకుంది.

ఇప్పుడు వాళ్ళ విమానం కరాచీలో లేస్తుంది, నాలుగు గంటలు చీకట్లో పోతుంది, వరంగల్లో దిగుతుంది. నడపడం చాలా కష్టం, నేను రెండుసార్లు ప్రయత్నించి నవ్వులపాలయ్యాను. దిగాక గెలిచావనీ ఓడావనీ ఏమీ రాదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. అప్పుడు తెర మీద నాలుగు ముక్కలు వస్తాయి. పెట్టెల్లో ఏముండిందో, తర్వాత నేల మీద ఏం జరిగిందో, రెండు పక్కలదీ. ఆ తెలుగు నేనే రాశాను.

పిల్లలు యుద్ధం ఆటలు ఆడుతున్నారని మనం విసుక్కుంటాం. వద్దంటే ఎక్కడ వింటారు? పక్కన కూర్చుని "కింద ఎవరున్నారు?" అని అడిగితే మాత్రం వింటారు, నేను చూశాను.

ఇంకో మాట. మీ ఇళ్ళలో ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఉంటే ఈ ఆదివారమే అడగండి. తేదీలు అడిగితే చెప్పలేరు. చేలో ఏ పంట ఉంది, ఏ పండగ దగ్గరపడింది, ఇంట్లో ఏ సరుకు అయిపోయింది అని అడగండి. తేదీ మనమే పంచాంగంలో వెతుక్కోవచ్చు. ఉప్పు సంగతి మాత్రం ఏ పంచాంగంలోనూ దొరకదు.