బెండమూర్లంక నుంచి ఉప్పుటేరు దాకా

బెండమూర్లంకలో ఇప్పుడు కొబ్బరితోటలు, పక్కన తాపీగా పోయే వైనతేయ గోదావరి తప్ప చరిత్ర తాలూకు ఆనవాలేదీ కంటబడదు. అమలాపురం నుంచి ఆటోలో దిగినవాళ్లకు, ఇక్కడ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ కొఠీ ఉండేదంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. సముద్రపు మొగ దగ్గరే. తెరచాప పడవలు ఏటిలోకి రాగలవు, బట్టల మూటలు పోగలవు. కంపెనీకి అంతకంటే ఏం కావాలి? ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం రాజుకున్నాక, 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరం, మాధవాయపాలెం కొఠీలతో పాటు దీన్నీ పట్టేసుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు, విజయనగరం సేనలు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాక లెక్కలన్నీ తిరగబడ్డాయి.

ఇక్కడి నుంచి మా దారి కాకినాడకు. వంతెన మీదుగా యానాం వైపు వెళ్తే త్వరగా తేలిపోతుంది గానీ, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కకుండా కోనసీమ దాటడం ఏం బాగుంటుంది!

రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు అది. మోటారుసైకిళ్లు, అరటిగెలలు, కోటిపల్లి గుడికి పోయే ఆడవాళ్లు, అందరూ దాని మీదే. "బండి ఇంకాస్త ముందుకు జరపండి బాబూ, వెనకాల మేకలున్నాయండి" అంటూ తాడు పట్టుకున్న కుర్రాడు చోటు సర్దుతున్నాడు. గౌతమి నడుమ కొత్త రైలు వంతెన కోసం లేపిన స్తంభాలు కనిపిస్తున్నాయి. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైను తాలూకువి. కోనసీమ వాళ్లు రైలు కోసం ఎదురుచూడటం మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది.

1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. గోదావరి దాటలేకపోయినా రేవు దాకా వచ్చింది. అవతల ఒడ్డు జనం పడవ దిగితే చాలు, రైలు అందేది. ఆ సంబరం పన్నెండేళ్లే. 1940లో, రెండో ప్రపంచయుద్ధం అవసరాల కోసం ఆ పట్టాలన్నీ పీకి పట్టుకుపోయారు. యుద్ధం ఎక్కడో, ఇనుము ఇక్కడిది! 2004లో గానీ మళ్లీ పట్టాలు పడలేదు.

అయితే కాలువను ఎవరు పీక్కుపోగలరు? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో తవ్విన కాలువలు చేలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. లొల్ల లాకుల్లాంటి చోట ఆ పని ఎలా జరిగేదో ఊహించుకోవచ్చు. కింద నుంచి వచ్చిన పడవను లాకులోకి రానిచ్చి వెనక తలుపు మూస్తారు, ఎగువ నీళ్లు వదులుతారు. పడవ సరుకుతో సహా మెల్లగా పై మట్టానికి లేస్తుంది, అప్పుడు ముందు తలుపు తీస్తారు. బొగ్గూ అక్కర్లేదు, ఆవిరీ అక్కర్లేదు.

ద్రాక్షారామం మీదుగా కాకినాడ చేరి, జగన్నాథపురం వంతెన మీద నిలబడితే కింద ఉప్పుటేరు. చూపుకి చిన్నదే. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఇటుపక్క డచ్చివాళ్లుండేవారు, 1825లో ఇంగ్లీషువాళ్లకు వదిలేశారు. ఇక్కడి సముద్రం లోతు చాలక ఓడలు మైళ్ల దూరంలోనే లంగరేసేవి. అక్కడికి సరుకు చేరేది ఈ ఏటిలో నడిచే పడవల మీదే.

ఈ రేవుకు నిజంగా దశ తిరిగింది 1861–65 నడుమ. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించాయి. లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి సీమల పత్తికి గిరాకీ లేచింది. కాకినాడ రేవు పుంజుకుంది. 'కోకనాడ' అన్న పేరు ఓ రకం పత్తికే అంటుకుపోయింది. మిసిసిపీ ఒడ్డున తుపాకులు పేలితే జగన్నాథపురం కళాసీకి కూలి దొరికిందన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం మాత్రం అంత దూరాన ఆగలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సరుకు ఓడలెన్నో మునిగాయి.

1997లో లోతునీటి రేవు వచ్చాక పెద్ద ఓడలు అటే పోతున్నాయి. అయినా యాంకరేజ్ పోర్టులో కళాసీలు బియ్యం బస్తాలు బార్జీల్లోకి ఎక్కిస్తూనే ఉన్నారు. ఆఫ్రికా పోయే ఓడ ఇప్పటికీ నడిసముద్రంలోనే ఆగుతుంది. బస్తాలు దాని దగ్గరికి వెళ్లాల్సిందే.