ఊసరవెల్లి పర్ణశాల

అరేబియా ద్వీపకల్పమునకు నైరుతిమూలనున్న యెమెను దేశమంతయు ఎడారియేయని తలచువారు పలువురు. కాని ఎఱ్ఱసముద్రతీరము వెంబడి లేచిన పర్వతములయందు వానలు కురియును. మెట్లుమెట్లుగా తీర్చిన పొలములును, లోయలలో చెట్లును గలవు. తలపై కిరీటమువంటి ఎత్తైన శిఖగల ఊసరవెల్లికి ఆ ప్రాంతమే పుట్టినిల్లు. నేను దానిని చూచినది మాత్రము 2024 వేసవిలో, లండను నగరమున, మా చెల్లెలి యింట.

అడవినుండి పట్టక, మనుష్యుల సంరక్షణలోనే పొదిగించిన ఈ జాతి పిల్లలను అచ్చట ఇండ్లలో పెంచుకొనుట కలదు. మా చెల్లెలి కుమారుడు పట్టుపట్టగా, ప్రాణిని తెచ్చుటకు ముందే దాని నివాసమును సిద్ధపఱచుచుండిరి. సోదరీమణులారా, ఆ పర్ణశాల నిర్మాణము వినదగినది.

గాజుపెట్టెను కాదని, నలువైపుల సన్నని తీగవలగల పంజరము నెన్నుకొనిరి. గాలి యాడనిచో దానికి శ్వాసవ్యాధులు కలుగును. పొడవు వెడల్పులు రెండేసి అడుగులు, ఎత్తు నాలుగడుగులు. చెట్లెక్కు ప్రాణికి నేలకన్న ఎత్తే ముఖ్యము. పైనుండి చేయి వచ్చినచో శత్రువని బెదరును గనుక, పంజరమును ఎత్తైన బల్లపై నుంచిరి.

మొక్కలలో మందారమును, మఱ్ఱిజాతికి చెందిన చిన్నాకుల చెట్టును మా చెల్లెలు తెచ్చెను. ఈ జాతి ఊసరవెల్లి పురుగులతోబాటు ఆకులను గూడ కొఱుకును. కావున గన్నేరువంటి విషపు మొక్కలు పనికిరావు. అంగడి మొక్కల ఆకులను చక్కగా కడిగి, మందులు కలియని క్రొత్తమట్టిలో నాటెను. దాని పిడికిటి పట్టునకు సరిపడు కొమ్మలను అడ్డముగను, ఏటవాలుగను గట్టెను.

పైన రెండు దీపములు. ఒకటి వెచ్చదనమునకు, దాని క్రింది కొమ్మకడ సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి యుండవలెను. రెండవది సూర్యునివలె అతినీలలోహిత కిరణముల నిచ్చును. ఈ కిరణములు లేనిచో శరీరమున డి విటమిను చాలక ఎముకలు మెత్తబడును. రాత్రివేళ రెంటిని ఆర్పవలెను.

అన్నిటికంటె నాకు వింతయైనది నీటి సంగతి. ఊసరవెల్లి సాధారణముగ గిన్నెలోని నిలువనీటిని త్రాగదు. ఆకులపై మెఱయు బిందువులనే నాకును. గిన్నెనిండ నీరుండగనే దప్పిచే మరణింపవచ్చును! అందుచే ఉదయసాయంకాలములు ఆకులపై నీరు చల్లుటయేగాక, చిన్నడబ్బాకు సన్నని బెజ్జముచేసి, శివాలయములోని ధారాపాత్రవలె చుక్కచుక్కగ పడునట్లు వ్రేలాడగట్టిరి.

ప్రాణి వచ్చిన మూడవనాడు బాలుడు, "పెద్దమ్మా, ఇంత చేసితిమే, అది కనబడనేలేదు!" అని కంటతడి పెట్టెను. ఆకులనడుమ ఒక కన్నుమాత్రము తిరుగుచుండెను.

"నాయనా, కనబడకుండుటకే గదా ఇన్ని ఆకులు? దాగుటకు చోటులేకున్న అది బెదరి నల్లబడును" అని తల్లి చెప్పెను. నాటినుండి వాడు దూరముగ కూర్చుండి చూచుట నేర్చుకొనెను. చేతిలోనికి తీసికొని ఆడించు ప్రాణి కాదది.

మన దేశమునను ఊసరవెల్లి గలదు. పలువురు తొండనే ఊసరవెల్లియందురు గాని, నిజమైనది రెండుకన్నులను వేరువేరుగ త్రిప్పుచు, తోకను కొమ్మకు చుట్టి, మెల్లమెల్లగ నడచును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. పట్టి పెంచుట నేరము. దానికి మనము పర్ణశాల కట్టనక్కఱలేదు. పెరటికంచె పొదలను మొదలంట నఱుకక, పురుగుమందులు చల్లక విడిచిన చాలును. విషజంతువని బాలురు రాళ్లు రువ్వబోయిన వారింపుడు. దానియందు విషము లేదు.