లెక్కలు చదివితే ఏమొస్తుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. కవితలు నాకు చేతకావు కాబట్టి, ఐదేళ్ళుగా ఈ హాస్టల్లో ఉండి చదువుతున్న గణితం గురించే రాస్తున్నాను. డిగ్రీలో ఎంపీసీ తీసుకున్న తమ్ముళ్ళు కొందరు "అన్నా, గ్రూపు మారిపోదామా?" అని అడుగుతున్నారు. ఇది వాళ్ళ కోసమే.

ఇంటర్ దాకా లెక్క అంటే జవాబు రాబట్టడం. డిగ్రీలో జవాబు ముందే ఇచ్చేసి, అది ఎందుకు నిజమో నిరూపించమంటారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఇది రెండింతల కష్టమైంది. 'ప్రమేయం' ఫంక్షన్ అయింది, 'అవధి' లిమిట్ అయింది. ఎప్సిలాన్, డెల్టాల నిర్వచనం ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. చివరికి తెలుగులో చెప్పుకుంటే తేలింది. అదొక పందెం. ఎంత చిన్న తేడా వరకు ఒప్పుకుంటాడో ఎదుటివాడు చెబుతాడు, అది ఎప్సిలాన్. ఆ తేడా దాటకుండా ఉండాలంటే బిందువుకు ఎంత దగ్గరగా రావాలో మనం చెప్పాలి, అది డెల్టా. వాడు ఎంత చిన్నది అడిగినా మనం చెప్పగలిగితే పందెం మనదే.

మా నాన్న తాపీ మేస్త్రీ. చదువు సంతకం వరకే. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు గుర్తు పెట్టి, వాటి మధ్య ఐదడుగులు వస్తే మూల సరిగ్గా ఉందంటాడు. అది పైథాగరస్ సిద్ధాంత విపర్యయమని సెలవుల్లో చెప్పాను. "పేరేదైతేనేంరా, మూల కుదిరిందా లేదా" అన్నాడు. పదడుగుల చదరపు గదికి ఐమూల కొలత ఎంత అని అడిగితే, "పద్నాలుగడుగుల రెండంగుళాలకు కాస్త తక్కువ" అని వెంటనే చెప్పాడు. ఆ 'కాస్త' ఎంత అన్నదే మా సబ్జెక్టు! రెండు వర్గమూలం కరణీయ సంఖ్య కాబట్టి, ఎంత సన్నని గీతల టేపు తెచ్చినా ఆ కొలత ఏ గీత మీదా సరిగ్గా పడదు. ఇది కొలిచి కాదు, నిరూపించి తెలుసుకున్నది. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే నేను కట్టిన గదులన్నీ తప్పేనా?" అన్నాడు. కాదు నాన్నా, ఆ తేడా ఎప్సిలాన్ లోపలే ఉంది అన్నాను.

నాకు నచ్చింది ఇంకొకటుంది. నిరూపణ సరిగ్గా ఉంటే అది రాసింది ఎవరి కొడుకని ఎవరూ అడగరు. ఇంటర్వ్యూల్లో అడుగుతారేమో, అది వేరే సంగతి.

ఇంట్లో అడిగేది ఒక్కటే, ఉద్యోగం ఎప్పుడని. సి.ఆర్.రావు గారంతటివారు కూడా ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చదివి, పని వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. బీఈడీ చేసి డీఎస్సీ రాయడం ఒక దారి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకొని పరిశోధనకు వెళ్ళడం ఇంకో దారి. 2023 నుంచి దానికి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఎస్సీ, ఎస్టీలకు ఎమ్మెస్సీలో 50 శాతం మార్కులుంటే రాయవచ్చు. నాన్న మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కలేకపోతున్నాడు, చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం. అందుకని నెట్ ఒక్కసారే రాస్తాను, రాకపోతే బీఈడీయే అని ఇంట్లో మాట ఇచ్చాను. ఆ ఒక్కసారి ఈ ఏడాదే.

రాత్రి భోజనాల తర్వాత స్టడీ హాల్లో చివరి బల్ల దగ్గర ఉంటాను. ఎప్సిలాన్ దగ్గర ఆగిపోయిన తమ్ముళ్ళు పుస్తకం, నాలుగు తెల్ల కాగితాలు తెచ్చుకోండి.