నాగదోషం కాదు, షాంపూ దోషం

రక్షణ లెక్కల శాఖలో 30 ఏళ్లకు పైగా బిల్లులు తనిఖీ చేసి రిటైరైన వాణ్ణి. ఓచరు కొట్టేసే ముందు రెండుసార్లు చూడమని కింది వాళ్లకి చెప్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఆ పని నేనే చెయ్యలేదు.

మూడేళ్ల క్రితం చెవుల వెనక, మెడ మీద, కనురెప్పల మీద దురద మొదలైంది. చర్మం ఎర్రబడి పొలుసులు రాలేవి. చర్మరోగం అనగానే మా వైపు మొదట వినిపించే మాట నాగదోషం. మా ఆవిడ సుబ్రహ్మణ్యస్వామికి 40 రోజులు మొక్కుకుంది. నన్ను కోరింది ఒక్కటే, ఆ 40 రోజులూ షాంపూ ముట్టకుండా కుంకుడు రసంతోనే తల రుద్దుకోమని. గొడవెందుకని సరేనన్నాను. నెల తిరిగేసరికి దురద పోయింది!

“చూశారా?” అంది. “కాకతాళీయం” అన్నాను, పెద్ద హేతువాదిలా. మొక్కు తీరగానే మళ్లీ షాంపూ పట్టాను. మూడు వారాల్లో దురద తిరిగొచ్చింది. స్వామిని ఎగతాళి చేసినందుకే అంది.

చివరికి ఒక చర్మవైద్యురాలు నా వీపు మీద రకరకాల రసాయనాల పట్టీలు అంటించారు. 48 గంటలకు తీసి చూసి, 96 గంటలకు మళ్లీ చూశారు. ఒక్కచోట ఎర్రగా పొంగింది. అక్కడ పెట్టింది మిథైల్‌ఐసోథయాజోలినోన్, అంటే షాంపూలో సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే ప్రిజర్వేటివ్. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే సీసా వెనక ఆ పేరుంది. ముందువైపు మాత్రం పెద్దక్షరాల్లో ‘హెర్బల్’ అని!

పదేళ్లుగా వాడుతున్నదే కదా అన్నాను. అలర్జీ మొదటి రోజే రానక్కర్లేదట. ఏళ్ల తరబడి తగిలాక కూడా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఒకనాడు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. ఆపైన కూడా, తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ దద్దురు తేలకపోవచ్చు. అందుకే అసలు కారణం దొరక్క నింద పాము మీద పడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2017 నుంచి, కడగకుండా ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో దీన్ని నిషేధించారు. కడిగేసే షాంపూల్లో 2018 నుంచి పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించకూడదు.

అలాగని ప్రకృతి ఇచ్చిందంతా క్షేమం అనుకోకండి. వయ్యారిభామ, నల్లజీడి కూడా ప్రకృతి ఇచ్చినవే. వాటితో ఒళ్లు పాడైన వాళ్లనడగండి.

మా ఆవిడ గమనించింది నిజం, చెప్పిన కారణం తప్పు. నేను ఆ కారణం నచ్చక గమనించినదాన్ని కూడా కొట్టిపారేశాను. వివరణ తప్పుందని ఓచరులోని అంకెనే కొట్టేసిన గుమాస్తా పని చేశాను. ఆ అంకె పట్టుకుని ఉంటే ఆరు నెలల దురద తప్పేది.

రిపోర్టు చూపించి ఇదంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, “అయితే షాంపూ మానమన్నదెవరు?” అంది.